కావలి వాకిట్లో, చిట్టా కచ్చేరీలో

గండికోట చూశారా? పెన్నానది కొండను కోసుకుంటూ పారిన లోయ అంచున ఉంది. ఆ కోట సింహద్వారం దగ్గర కావలివాడు ఉన్నాడనుకోండి. వచ్చినవారిని పోల్చుకోవాలి, బస చూపాలి, ఎంత సరుకు తేవచ్చో చెప్పాలి, తెచ్చినది లెక్క రాయాలి.

ఇంటర్నెట్టుకూ ఇలాంటి వాకిలి ఉంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్‌ను ప్రారంభించారు. గాజుతీగలను కరెంటు స్తంభాల మీదుగా లాగి, నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల వేగం ఇస్తామన్నారు. ఆ 15ను కొలిచి ఇచ్చేదెవరు? తీగకు ఆ తెలివి లేదు కదా! ఏ సంస్థ తీగ అయినా, ఈ పని చేసే యంత్రం పేరు బ్రాడ్‌బ్యాండ్ గేట్‌వే. చందాదారును గుర్తుపట్టి, అతనికి అంకెలతో ఒక చిరునామా ఇచ్చి, వేగానికి హద్దు పెట్టి, వాడకం లెక్కకట్టేది అదే.

చందాదారుల పేర్ల పట్టికను ఒక్కచోట ఉంచడం కొత్త కాదు. 1991 నాటి రేడియస్ పద్ధతి అదే. అయితే చిరునామాల నిల్వ, ఇప్పుడు లోపల ఎవరున్నారన్న జ్ఞాపకం ఏ గేట్‌వేకు ఆ గేట్‌వేలోనే ఉండేవి. చిక్కంతా అక్కడే! ప్రొద్దుటూరు, జమ్మలమడుగు గేట్‌వేలకు తలా 1,000 చిరునామాలు ఇచ్చారనుకుందాం. ప్రొద్దుటూరులో 1,100 మంది వచ్చారు, జమ్మలమడుగులో 600 మందే. ఒకచోట 100 మంది బయట నిలబడతారు, మరోచోట 400 చిరునామాలు ఊరికే పడి ఉంటాయి. పాత పద్ధతి చిరునామాలు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లే కనుక ఈ వృథా చిన్నది కాదు.

2012 అక్టోబరులో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో టెలిఫోను సంస్థలు కొన్ని ఒక పత్రం వెలువరించాయి. ఇలాంటి పనులకు ప్రత్యేక యంత్రాలెందుకు, మామూలు కంప్యూటర్లలో ప్రోగ్రాములుగా నడపలేమా అని అందులో అడిగాయి. దాంతో గేట్‌వేను రెండుగా విడదీయడం సులువైంది. ఆ విభజనకు బ్రాడ్‌బ్యాండ్ ఫోరం 2020లో నియమాలు ప్రకటించింది. సమాచారాన్ని మోసే భాగం ఊరి దగ్గరే ఉంటుంది. చిట్టా రాసే భాగం దూరాన ఒక్కచోట ఉండి, అనేక ఊళ్లకు చిరునామాలు పంచుతుంది.

దూరమైతే ఆలస్యం కాదా? గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 400 కిలోమీటర్లకు సెకనులో 500వ వంతు చాలు. పైగా చిట్టాను అడిగేది ప్రతి పొట్లానికీ కాదు, ముఖ్యంగా చేరేటప్పుడే. తరువాత ఊరి కావలి తన దగ్గరున్న ఆజ్ఞ ప్రకారం పొట్లాలను వదులుతూ పోతుంది.

అయితే కచ్చేరీ మూతపడితే? లోపలున్నవారి పని కొంతసేపు సాగవచ్చు కాని కొత్తవారు చేరలేరు. ఒక్క పెట్టె చెడితే ఒక్క ఊరే నష్టపోయేది. ఇప్పుడు జిల్లా అంతా చిక్కులో పడుతుంది. అందుకే చిట్టా నకలు మరో ఊరిలో ఉంచి, క్షణక్షణం సరిచూస్తూ ఉండాలి. ఇంకో గండం ఉంది. గాలివానకు కరెంటు పోయి తిరిగి వచ్చిందనుకోండి, వేల ఇళ్ల పెట్టెలు ఒకేసారి మేలుకొని “నన్ను చేర్చుకో” అని అడుగుతాయి. అందరికీ ఒక్కసారే జవాబు చెప్పబోతే కంప్యూటరు ఊపిరాడక కూలిపోతుంది. కొందరినే తీసుకొని, మిగిలినవాళ్లను కాసేపాగి మళ్లీ అడగనివ్వడమే దానికి మందు. కరెంటు వచ్చాక కూడా ఇంటర్నెట్టు రావడానికి ఒక్కోసారి నిమిషాలు పట్టేది ఇందుకే.