మొండెం వేలాడదీసిన హైదరాబాదే ఉత్సవం చేస్తే: సర్వాయి పాపన్న మరణానంతర చరిత్ర

జనగామ జిల్లా ఖిలాషాపూర్ రాతికోటకు, స్టేషన్ ఘన్‌పూర్ వైపున్న తాటికొండకు పేరు తెచ్చిన తిరుగుబాటు నాయకుడు సర్వాయి పాపన్నను 1710లో మొగలు అధికారులు చంపించి, తలను ఢిల్లీకి పంపి, మొండేన్ని హైదరాబాదు ద్వారానికి వేలాడదీశారు. మూడు శతాబ్దాలు దాటాక అదే హైదరాబాదు నుంచి పాలించే ప్రభుత్వం ఏటా ఆగస్టు 18న అతని జయంతిని అధికారికంగా జరుపుతోంది. ఈ రెంటి నడుమ పాపన్నకు అప్పగించిన పనులు ఎన్నో, ఒకదానికొకటి పొసగనివి కూడా.

పారశీకంలో రాసిన మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ దృష్టిలో అతను దోపిడీదారు: సొంత సోదరిని దోచి బతుకు మొదలుపెట్టినవాడు, 1708 మొహర్రం రోజుల్లో వరంగల్లుపై పడి సంపన్న కుటుంబాల స్త్రీలను, పిల్లలను చెరపట్టినవాడు. అయినా 1709లో మొగలు చక్రవర్తి బహదూర్ షా హైదరాబాదులో దర్బారు తీర్చినప్పుడు అతను 14 లక్షల రూపాయల నజరానా, అంటే పాలకుడికి సమర్పించే కానుక, చెల్లించి గౌరవవస్త్రం అందుకున్నాడు. బాధిత కుటుంబాల పెద్దలు మొరపెట్టుకున్న తరువాతే చక్రవర్తి మనసు మార్చుకొని సైన్యాన్ని పంపాడు.

పల్లెల్లో పాడుకున్న పాట ఈ లెక్కను తిరగరాసింది. జె.ఎ. బాయిల్ 1874లో ప్రచురించిన, ఆ తరువాత జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో పారశీక కథనాలతో పోల్చి చూసిన ఈ జానపద సంప్రదాయంలో పాపన్న కులవృత్తి అయిన తాళ్ల గీతను కాదని కత్తి పట్టినవాడు. పారశీక కథనంలో అతన్ని గుర్తుపట్టి పట్టించింది ఒక కల్లు అమ్మేవాడు కాగా, పాటలో శత్రువు చేతికి చిక్కకుండా అతను తన ప్రాణం తానే తీసుకుంటాడు. గీత వృత్తిని వదిలిన మనిషి, కల్లు దగ్గరే దొరికిపోయిన మనిషి, నేడు గీత కార్మికుల ఆత్మగౌరవానికి పతాక కావడం విడ్డూరమే గాని, వీరులను వారసులు ఎంచుకుంటారు తప్ప వీరులు వారసులను ఎంచుకోరు.

జపానులో ఇలాంటి రెండో జీవితం మరో దారి పట్టింది. 940లో చక్రవర్తిపై తిరగబడి చనిపోయిన తైరా నో మసకాదో తలను రాజధాని క్యోటోలో ప్రదర్శించారు. అన్యాయంగా చచ్చినవారి ఆత్మ ఉపద్రవాలు తెస్తుందన్న నమ్మకం ఉన్న ఆ దేశంలో అతన్ని శాంతింపజేయడానికి తోక్యోలోని కందా ఆలయంలో ప్రతిష్ఠించి కాపరి దేవుణ్ని చేశారు. 1874లో మెయిజి ప్రభుత్వ కాలంలో ఆ స్థానం నుంచి తొలగించి, 1984లో మళ్లీ చేర్చారు. రాజ్యానికి శత్రువైనవాడు దేవుడుగా ఉండవచ్చా అన్న ప్రశ్న అక్కడా పాలకులను వేధించినట్టే ఉంది.

మన వైపు దైవత్వం దక్కింది, ములుగు జిల్లా మేడారంలో, రాజ్యంపై పోరాడిన గిరిజన వీరవనితలు సమ్మక్క, సారలమ్మలకు. సమ్మక్క కొడుకు జంపన్న పేర వాగే ఉంది. పాపన్నకు మాత్రం భయంతో మొక్కే భక్తులు కాక, హక్కులు అడిగే జనం దొరికారు. అతని పేరుతో గీత వృత్తి గౌడుల సంఘాలు విగ్రహాలు నిలబెట్టాయి, బహుజన రాజకీయాలు వేదికలు కట్టాయి.

ఆ వేదికల మీద ఒక లోటు ఉంది. పాటలో పాపన్న వెంట నడిచినవారు చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు, దూదేకుల పీరు, హసన్, హుసేన్. అంటే ఒక కులం కాదు, ఒక మతం కూడా కాదు. ఆ అనుచరుల పేర్లు పాటలోనే మిగిలాయి, జయంతి మాత్రం నాయకుడికే జరుగుతోంది.