నాలుగు మీటర్లకు ఐదు మిల్లీమీటర్లు తక్కువ

కియా సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. అందులో వచ్చే టర్బో లేని పెట్రోలు ఇంజను 1,197 సీసీ, డీజిల్ ఇంజను 1,493 సీసీ. ఈ మూడు అంకెలూ మూడు గీతల దాకా వచ్చి, వాటిని తాకకుండా ఆగాయి: 4,000, 1,200, 1,500. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో తయారయ్యే ఈ కారు గురించి తాడిమర్రి అరుగుల మీద వినబడే మెచ్చుకోలు గానీ, ధర్మవరంలో బాడుగకు తోలే డ్రైవరు విసుగు గానీ, ఏది పట్టుకుని వెనక్కి వెళ్లినా చాలాసార్లు ఈ గీతల దగ్గరే తేలతాం.

ఆ గీతలు గీసింది ఇంజనీర్లు కాదు. 2006 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారంటే ఏది? నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజనైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ మించకూడదు. అంతే, దేశంలో కార్ల రూపురేఖలు మారిపోయాయి. 2008లో టాటా వాళ్లు ఇండిగో తోక కత్తిరించి సీఎస్ అని తెచ్చారు. 2012లో మారుతి స్విఫ్ట్ డిజైర్ కూడా డిక్కీ కురచ చేసుకుని 3,995 దగ్గర నిలబడింది. తర్వాత ఎత్తు కార్ల వంతు. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2016లో బ్రెజా, 2017లో నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ వచ్చాయి. సోనెట్ ఆ వెన్యూకు తోబుట్టువే. అడుగున ఉన్న చట్రం, ఇంజన్లు రెండింటివీ ఒకటే.

జీఎస్టీ వచ్చాకా ఆ గీతలు చెరగలేదు. పెట్రోలు సోనెట్ మీద పన్ను, సెస్సు కలిపి 29 శాతం, డీజిల్ మీద 31 ఉండేది. అదే ఫ్యాక్టరీలో తయారయ్యే సెల్టోస్ పొడవు మొదట్లోనే 4,315 మిల్లీమీటర్లు కాబట్టి దానికి 45 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు 18, పెద్దవాటికి 40 అయింది. గీతకు అటూ ఇటూ అంత తేడా ఉన్నప్పుడు ఆరో మిల్లీమీటరు కోసం ఏ కంపెనీ ఆశపడుతుంది?

ఫ్యాక్టరీ సంగతీ కొంచెం చెప్పుకోవాలి. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019 జనవరిలో ప్రయోగాత్మకంగా తయారీ మొదలై, ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. వానలు మొహం చాటేసే అనంతపురం జిల్లాలో కార్ల ఫ్యాక్టరీ అనగానే మా వైపు అందరూ అడిగిన ప్రశ్న నీళ్లెక్కడివని. కారు రేకుకు రంగు వేసే ముందు జిడ్డు వదలగొట్టి, కడిగి, మళ్లీ కడగాలి. రంగుల విభాగమే నీళ్లను ఎక్కువగా తాగుతుంది. జవాబు గొల్లపల్లి జలాశయం. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా ఎత్తిపోతలతో వచ్చే కృష్ణ నీళ్లే అక్కడ నిలుస్తాయి. వేరుశనగ చేలు ఆ కాలువ కోసమే దశాబ్దాలుగా ఎదురుచూశాయన్నది మరిచిపోయి ఈ కారు కథ చెప్పడం నాకు చేతకాదు.

సోనెట్ 2020 సెప్టెంబరు 18న అమ్మకానికి వచ్చింది. కరోనా రోజులు. షోరూం ధర 6.71 లక్షల నుంచి మొదలైంది, పై రకాలకు దాదాపు రెట్టింపు. తక్కువ ఖర్చు కారంటే అందరికీ అందే కారని కాదు. పెద్ద ఎస్‌యూవీ హోదాను చిన్న కారు పన్నుతో ఇవ్వగలగడమే ఇక్కడ పొదుపు. చూసేవాళ్లకు నచ్చిందీ అదే. "ఏమప్పా, శానా ఎత్తుండాదే!" అన్నది మొదటి మాట. "మన పెనుకొండలో చేసిందంట" అన్నది రెండోది, ఆ మాటలో సొంతబిడ్డను చూసుకునే మురిపెం వినిపిస్తుంది. మూడోది ప్రశ్న: "మైలేజీ ఎంతిస్తాది?"

ఎత్తు గురించి వాళ్లన్నది నిజమే. పైన కమ్మీలతో కలిపి 1,642 మిల్లీమీటర్లు. నేలకూ కారు అడుగుకూ మధ్య 200 పైచిలుకు. పల్లె దారుల్లో తేలిన రాళ్లూ, ఊరూరా ఎవరికి తోచినంత ఎత్తున వాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకర్లూ ఉన్నచోట అది సోకు కాదు, అవసరం. ముసలివాళ్లు వంగకుండా ఎక్కుతారు, మోకాళ్ల మీద భారం పడకుండా దిగుతారు. పొడవు కట్టేసినప్పుడు ఇంజనీరుకు మిగిలిన దారీ అదే: మనిషిని నిటారుగా కూర్చోబెడితే కాళ్లు తక్కువ చోటు తీసుకుంటాయి.

అయినా వెనక సీటు దగ్గర ఆ తెలివి ఓడిపోయింది. కొన్నవాళ్ల నోట మొట్టమొదట వచ్చే ఫిర్యాదు ఇదే. "ముందర రాజాలాగుంటాదన్నా, ఎనక ముగ్గురు కూచుంటే ఇరుకు." ఎందుకో లెక్క వేద్దాం. ముందు ఇంజనూ, గుద్దినప్పుడు నలిగి దెబ్బను తాను మింగే భాగమూ ఉండాలి. వెనక డిక్కీ (మొదట్లో 392 లీటర్లు). ముందు చక్రం ఇరుసుకూ వెనక చక్రం ఇరుసుకూ మధ్య 2,500 మిల్లీమీటర్లు. మనుషులు సర్దుకోవాల్సింది ఆ మిగిలిన చోటులోనే. చూసేవాడి కంటికి ఠీవిగా కనబడే పొడవాటి బానెట్టు, వెనక కూర్చున్నవాడి మోకాలి దగ్గర కోత పెడుతుంది. బెంగళూరు ఆసుపత్రికి ఇంటిల్లిపాదీ బయల్దేరినప్పుడు ఈ సంగతి తెలిసొస్తుంది.

మైలేజీ ప్రశ్నకు కాగితం మీద జవాబులు వేరు. మొదట్లో వచ్చిన సోనెట్‌కు పరీక్షశాల లెక్కలో మాన్యువల్ డీజిల్ లీటరుకు 24.1 కిలోమీటర్లు, 1.2 పెట్రోలు 18.4. నలుగురితో, ఏసీతో, ఎండాకాలంలో అంత రాదని తోలేవాళ్లందరికీ తెలుసు. కానీ ఆ రెండు ఇంజన్ల తేడా మైలేజీలో మాత్రమే లేదు. పెట్రోలుది 115 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం, మొదట్లో వచ్చిన మాన్యువల్ డీజిల్‌ది 240. రెట్టింపు! 44వ నంబరు జాతీయ రహదారి మీద నిండు కారుతో లారీని దాటాల్సి వచ్చినప్పుడు డీజిల్ తోలేవాడికి గేరు తగ్గించే అగత్యం అంతగా రాదు. "పికప్పంటే ఇదీ" అనేది ఆ బలాన్నే. డీజిల్ కార్ల కాలం చెల్లిందని నగరాల్లో అనుకుంటున్న రోజుల్లో, 2024 ఏప్రిల్ నాటికి అమ్ముడైన 4 లక్షల సోనెట్లలో మూడో వంతుకు పైగా డీజిల్‌వేనని కంపెనీ చెప్పింది. దూరాలు తోలే మా వైపు మనుషులకు అందులో వింత కనబడదు.

డీజిల్‌కు ఒక షరతుంది, అమ్మేవాళ్లు దాన్ని గట్టిగా చెప్పరు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధన వచ్చాక పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ లాంటి ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, అంటే బండి కాసేపు ఆగకుండా వేగంగా పోవాలి. ఊళ్లోనే, ఇంటి నుంచి అంగడికీ అంగడి నుంచి ఇంటికీ తిప్పేవాళ్లకు ఆ వేడి పుట్టదు, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. అలాంటివాళ్లు పెట్రోలుది తీసుకోవడమే మంచిది.

క్లచ్ కథ ఇంకోటి. టర్బో పెట్రోలు రకంలో ఐఎంటీ అనే పద్ధతి తెచ్చారు. గేరు రాడ్డు ఉంటుంది, క్లచ్ పెడలు ఉండదు. చెయ్యి రాడ్డును కదిలించబోతోందని సెన్సరు పసిగట్టి కబురు పెడితే, కంప్యూటరు ఆజ్ఞతో హైడ్రాలిక్ ఒత్తిడి క్లచ్‌ను తానే విడదీస్తుంది. ట్రాఫిక్‌లో ఎడమ కాలికి విశ్రాంతి. 2023లో డీజిల్‌కూ దాన్నే పెట్టి, క్లచ్ ఉన్న డీజిల్‌ను ఆపేశారు. 2024 జనవరిలో కొత్త ముఖంతో వచ్చిన సోనెట్‌లో ఆ పాత పెడలు మళ్లీ ప్రత్యక్షమైంది. కాలి కింద క్లచ్ లేకపోతే బండి తన మాట వింటున్నట్టు అనిపించదనే డ్రైవర్లు ఇప్పటికీ చాలామంది, వాళ్లది పాతకాలపు మొండితనమని నేననుకోను. ఇసుకలో, ఎగువలో బండిని అంగుళం అంగుళం కదిలించే పట్టు ఆ పెడలులోనే ఉంది.

చూసేవాళ్ల అభిప్రాయాల్లో ఒకదాన్ని మాత్రం గట్టిగా కాదనాలి. తలుపు మీద వేలితో కొట్టి "రేకు పల్చన" అని తీర్పు చెప్పడం మనకు అలవాటు. పై రేకు కారు చర్మం మాత్రమే. ప్రాణం కాపాడేది లోపలి ఎముకలు: కిటికీల పక్కన నిలువు స్తంభాలు, తలుపుల్లో అడ్డ కమ్మీలు, వాటికి వాడిన గట్టి ఉక్కు. అది వేలికి తెలియదు, గుద్ది చూస్తేనే తెలుస్తుంది. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ రెండు ఎయిర్ బ్యాగుల సెల్టోస్‌ను గుద్ది చూసి పెద్దల రక్షణకు 3 నక్షత్రాలే ఇచ్చింది. సోనెట్ కింది రకాల్లోనూ మొదట్లో రెండే ఎయిర్ బ్యాగులు. అన్ని రకాల్లో ఆరు రావడానికి 2024 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. పది మంది కొంటే ఆరుగురు సన్‌రూఫ్ ఉన్న రకాలే కోరారని కంపెనీ లెక్క. అనంతపురం ఎండలో తెరవడానికి కుదరని ఆ కిటికీ గురించి అడిగినంత పట్టుదలగా ఎయిర్ బ్యాగుల గురించి అడిగి ఉంటే, అవి ముందే వచ్చేవని నా నమ్మకం.

వెనక సీటు గోడు మాత్రం కంపెనీ చెవిన పడింది. 2025 ఫిబ్రవరిలో అదే ఎర్రమంచి నుంచి సైరస్ వచ్చింది. పొడవు మళ్లీ 3,995. కానీ ఇరుసుల మధ్య దూరం 50 మిల్లీమీటర్లు పెంచారు, ఎత్తు 1,680కి తీసుకెళ్లారు, వెనక సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, వాలుతుంది కూడా. కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. ఆ చోటు కోసం బానెట్టు పొట్టిదై, వెనక భాగం నిలువుగా గోడలా లేచింది. ఎక్కి కూర్చున్నవాళ్లు "ఇది కదా కారంటే" అన్నారు. బయట నిలబడి చూసినవాళ్లు "డబ్బా మాదిరుండాది" అన్నారు. ఆ ఏడాది లెక్కలు తీస్తే సైరస్ కంటే సోనెట్టే చాలా ఎక్కువ అమ్ముడుపోయింది.