కంప్యూటర్ల గడియారములు

కంప్యూటరులోపల కాలమును గణించునది అల్పమైన యొక క్వార్ట్జు స్ఫటికము. వేడిమి హెచ్చినను, వయసు మీరినను దాని స్పందనవేగము ఇంచుక మారుచుండును. పదిలక్షలలో ఇరువదిపాళ్లు తప్పినచో దినమునకు 1.7 సెకనుల తేడా వచ్చును. గోడగడియారమున ఇట్టి తేడా యెవ్వరి కంటను పడదు. కాని, సొమ్ము తీసిన లెక్క ఒక యంత్రమునను, జమకట్టిన లెక్క వేఱొక యంత్రమునను నమోదగు బ్యాంకులో, రెండవదాని గడియారము వెనుకబడి యున్నయెడల, సొమ్ము ఖాతానుండి వెడలకమునుపే జమపడినట్లు లాగులు, అనగా యంత్రములు వ్రాసికొను చిట్టాలు, చెప్పును. దొంగ ఏ యంత్రమున మొదట చొరబడెనో తేల్చవలసిన నాడు ఇట్టి లాగులు సాక్ష్యమునకు కొఱగావు.

ఈ చిక్కును విడదీయుటకు దశాబ్దములు పాటుపడినవాడు, డెలావేర్ విశ్వవిద్యాలయమున ఆచార్యత్వము నెఱపిన అమెరికనుడు డేవిడ్ మిల్స్. 1985లో వెలువడి, పిమ్మట పలుమార్లు సంస్కరింపబడిన నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, అనగా ఎన్‌టీపీ, ఆయన సృష్టి. సరియైన కాలము నెఱిగిన సర్వరును గంట యెంతయని అడిగి, వచ్చిన జవాబును అట్లే పెట్టుకొనుట యిందలి పద్ధతి కాదు. జవాబు దారిలో నున్నంతసేపును కాలము నడచుచునే యుండును గదా! మన యంత్రము ప్రశ్నను పంపిన వేళ సున్న మిల్లీసెకను అనుకొందము. అది చేరినపుడు సర్వరు గడియారము 130, జవాబు బయలుదేరినపుడు 131, తిరిగివచ్చినపుడు మన గడియారము 61 చూపినవి. సర్వరు తీసుకొన్న ఒక మిల్లీసెకను పోగా రాకపోకలకు పట్టినది 60. అందు సగము, 30, ఒక దారి ప్రయాణము. అట్లయిన ప్రశ్న చేరువేళకు మన గడియారము 30 చూపవలసియుండగా సర్వరు 130 చూపినది. కావున మనది 100 మిల్లీసెకనులు వెనుకబడినది.

లెక్క ముచ్చటగా నున్నది గాని, పోవుటకును వచ్చుటకును సమానకాలము పట్టుననుట కేవలము ఊహ. పోవుటకు 50, వచ్చుటకు 10 పట్టియుండినచో, నిజమైన తేడా 80 మాత్రమే. ఈ ఇరువది మిల్లీసెకనుల పొరపాటును ఆ నాలుగు అంకెలు ఎన్నటికిని పట్టియీయజాలవు. సర్వరు దగ్గఱగా నుండవలెననుటకు కారణ మిదియే.

తప్పు తెలిసినంతనే గడియారమును ఒక్క గంతున దిద్దుట తగదు. ముందునకు పోయినదానిని వెనుకకు లాగినచో, గడచిపోయిన క్షణములే మరల వచ్చి, ప్రోగ్రాములు భ్రమించును. కావున తేడా 128 మిల్లీసెకనులకు లోపలిదైనచో ఎన్‌టీపీ ప్రోగ్రాము గడియారపు నడకనే సవరించును. అదియు సెకనునకు అర మిల్లీసెకను మించకుండ. మన నూఱు మిల్లీసెకనులు తీఱుటకు 200 సెకనులైన పట్టును. ఈ పద్ధతి యంతటిలోను నాకు మిక్కిలి నచ్చిన యంశము ఈ ఓర్పే.

అమర్చు పని స్వల్పము. లినక్సు యంత్రములలో తఱచుగా వాడు క్రోనీ ప్రోగ్రాము కాన్ఫిగరేషన్ ఫైలులో, సర్వర్ అను మాటయు, చిరునామాయు, తొలుత వెంటవెంటనే ప్రశ్నలు పంపుటకు ఐబర్స్ట్ అను మాటయు కలిపి, సర్వరున కొక పంక్తిగా వ్రాసిన చాలును. సర్వర్లు నాలుగుండుట మేలు: రెండు విభేదించినచో ఏది నిజమో తేలదు, మూడున్నచో తప్పుచెప్పు దానిని బయటపెట్టవచ్చును, నాలుగవది, ఒకటి మూగవోయిననాడు ఆ మూడింటిని నిలుపుటకు. పిమ్మట క్రోనీసీ సోర్సెస్ అని కొట్టినచో, ఎన్నుకొన్న సర్వరు ప్రక్క నక్షత్రపు గుర్తును, అనుమానాస్పదమైన దానిప్రక్క ఎక్స్ గుర్తును కనబడును. అన్నిటికిని ప్రశ్నార్థకములే యుండినచో, ఫైర్‌వాలులో ఈ ప్రశ్నోత్తరములు నడచు యూడీపీ 123 పోర్టు మూసియున్నదేమో మొదట చూడవలెను.

మన దేశమున ప్రామాణిక కాలమును నిలుపునది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. ఎన్‌ఐసీ సర్వర్లతోగాని, ఈ ప్రయోగశాల సర్వర్లతోగాని, వాటి ననుసరించు సర్వర్లతోగాని గడియారములు కలుపుకొనవలెనని 2022 ఏప్రిలులో కంప్యూటరు భద్రతను చూచు ప్రభుత్వసంస్థ సెర్ట్-ఇన్ ఉత్తర్వు చేసెను. భారతకాలమునకు ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశము మన కాకినాడ చేరువనే పోవుచున్నను, నెట్‌వర్కుమీద నడచునది మాత్రము విశ్వసమయమే. అయిదున్నర గంటలు కలిపి చూపుట ఆ యంత్రమున పెట్టిన టైమ్‌జోను పని. కావున తెరమీద గంట తప్పుగా కనబడినచో, గడియారమును చేతితో త్రిప్పుటకు ముందు టైమ్‌జోను సరిగా నున్నదో లేదో చూడవలెను. లేనియెడల సరిగా నడచుచున్న గడియారమునే చెడగొట్టినట్లగును.