మీకు తెలుసా? బడిపిల్లల బలము

తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు నగరపాలక సంస్థకు అధ్యక్షుడై యుండగా, పేదపిల్లల హాజరు పెరుగవలెనను సంకల్పముతో 1920లో థౌజండ్ లైట్స్ పాఠశాలయందు మధ్యాహ్న భోజనము ఆరంభమైనది. అందుకు అనుమతించిన వ్యయము ఒక్కొక్క విద్యార్థికి దినమునకు ఒక అణాకు మించరాదు. అణా స్వల్పమే, ఆలోచన మహత్తరము!

పెద్దవారి మెదడు దేహము వినియోగించు శక్తిలో అయిదవ వంతు తీసికొనగా, అయిదేండ్ల శిశువు మెదడు ఇంచుమించు అంతకు రెట్టింపు వంతును కోరును. కావున బడి, ఆట, ట్యూషను అని ప్రొద్దుగూకువరకు విశ్రాంతి యెరుగని బిడ్డను పరగడుపున పంపుట అన్యాయమే. మిరపకోతల కాలమున తల్లులు తెల్లవారకమునుపే చేలకు పోవలసివచ్చు గుంటూరు సీమ గ్రామములలో ఈ చిక్కు మరింత అధికము.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో 2023 మార్చి నుండి వారమునకు మూడు దినములు బెల్లముతో కాచిన రాగిజావ ప్రవేశపెట్టబడినది. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. తెల్లని బియ్యమునందు పదికి లోపే. మన పూర్వులు నిత్యము త్రాగిన జావను పాఠశాల మరల పిల్లల చేతికందించుట ఎంతయు శ్లాఘనీయము.

అయితే ఆహారమొక్కటియే చాలదు: ఆరు మొదలు పండ్రెండేండ్ల వరకు పిల్లలకు రాత్రి తొమ్మిది గంటలకు తక్కువ కాని నిద్ర అవసరము. తల్లి చేనికి పోవు దినమున తండ్రియే జావ కాచి, బిడ్డ త్రాగిన పిమ్మట బడికి పంపవలెనని నా విన్నపము.