నెట్ ఆపేసినా మెసేజ్ వెళ్తుందా? మెష్ యాప్‌ల అసలు సంగతి ఇదీ!

2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమ జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయింది. ఫోన్ చేతిలోనే ఉంది, ఛార్జింగ్ కూడా ఫుల్లే. కానీ వాట్సాప్‌లో పంపిన మెసేజ్ పక్కన గడియారం గుర్తు తప్ప టిక్ పడదు. వర్క్ ఫ్రం హోం చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్ సర్దుకుని సిగ్నల్ వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది.

పక్క వీధిలో ఉన్న ఫ్రెండ్‌కి ‘క్షేమమేనా?’ అని పంపినా, ఆ మెసేజ్ ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావాలి. మధ్యలో గేటు వేస్తే అంతే సంగతులు. మరి సర్వర్‌తో పనే లేకుండా ఫోన్ నుంచి ఫోన్‌కి నేరుగా వెళ్తే? పీర్ టు పీర్ మెసేజింగ్ యాప్‌ల ఐడియా అదే. ఇవి నిజంగా ఎంతవరకు పనికొస్తాయో చూద్దాం.

ముందు ఏది ఆపారో చూడాలి

2025 సెప్టెంబర్ 4న నేపాల్ ప్రభుత్వం ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ సహా 26 ప్లాట్‌ఫామ్‌లను బ్లాక్ చేయమని ఆదేశించింది. అక్కడ ఆగింది ఆ సర్వీసులే, ఇంటర్నెట్ కాదు. అలాంటప్పుడు వీపీఎన్‌తో పని జరిగిపోతుంది. కానీ మొత్తం మొబైల్ డేటానే ఆపేస్తే వీపీఎన్ కూడా ఏమీ చేయలేదు. మెష్ యాప్‌ల అవసరం వచ్చేది అప్పుడే. నేపాల్‌లో మాత్రం రేపు నెట్ కూడా పోతుందేమో అన్న భయంతో బిట్‌చాట్ డౌన్‌లోడ్లు ఒక్కసారిగా పెరిగాయి. ట్విట్టర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ 2025 జులైలో తెచ్చిన యాప్ ఇది.

ఎలా పనిచేస్తుంది?

బిట్‌చాట్‌కి ఫోన్ నంబర్ అక్కర్లేదు, అకౌంట్ అక్కర్లేదు. బ్లూటూత్ ఆన్‌లో ఉంటే చాలు. మీ మెసేజ్‌ని దగ్గర్లో ఇదే యాప్ ఉన్న ఫోన్ అందుకుని పక్క ఫోన్‌కి ఇస్తుంది, అది ఇంకో ఫోన్‌కి ఇస్తుంది. పెళ్లి భోజనాల బంతిలో చేతులు మారుతూ పోయే నీళ్ల జగ్గు లాగా అన్నమాట. ఇలా గరిష్ఠంగా 7 అంచెలు వెళ్తుంది.

ఇక్కడే చిన్న లెక్క వేసుకోండి. ఒక్కో అంచెకు 30 మీటర్లు అనుకుంటే, ఏడు అంచెలకు 210 మీటర్లు. గోడలు అడ్డొస్తే ఇంకా తక్కువ. జనం కిక్కిరిసిన మైదానంలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అమలాపురం నుంచి రాజోలుకి మెసేజ్ పంపాలంటే మాత్రం ఆశ పెట్టుకోవద్దు. యాప్ ఎంత మంచిదైనా మధ్యలో మనుషులు లేకపోతే గొలుసు తెగిపోతుంది.

వెళ్లడం వేరు, భద్రంగా వెళ్లడం వేరు

2014లో హాంకాంగ్ ఆందోళనల్లో అందరి నోటా వినిపించిన పేరు ఫైర్‌చాట్. కానీ అప్పట్లో అందులో నడిచింది బహిరంగ చాట్. అదే యాప్ వేసుకుని గుంపులో నిలబడితే పోలీసులు కూడా చదవొచ్చు.

2019లో అదే హాంకాంగ్‌లో బ్రిడ్జ్‌ఫై వంతు వచ్చింది. 2020 ఆగస్టులో లండన్ యూనివర్సిటీకి చెందిన రాయల్ హోలోవే పరిశోధకులు దాన్ని పరీక్షించి అసలు విషయం బయటపెట్టారు. ప్రైవేట్ మెసేజ్‌లు చదవొచ్చు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో పసిగట్టొచ్చు, ఒకే ఒక్క మెసేజ్‌తో నెట్‌వర్క్ మొత్తాన్ని పడగొట్టొచ్చు! తర్వాత కంపెనీ సిగ్నల్ యాప్ వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి మారింది. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు అక్కడి జనం దీన్ని పెద్ద ఎత్తున డౌన్‌లోడ్ చేసుకున్నారు. 2022లో పరిశోధకులు మళ్లీ చూస్తే, ఈ కొత్త వెర్షన్‌లోనూ లోపాలు దొరికాయి.

మామూలు యాప్‌లో బగ్ ఉంటే మనకి చిరాకు. సైనిక పాలనలో ఉన్నవాడికి అదే బగ్ జైలు. బిట్‌చాట్ విడుదలైనప్పుడు కూడా, దీనికి బయటివాళ్ల సెక్యూరిటీ పరీక్ష జరగలేదని డోర్సీ స్వయంగా హెచ్చరిక పెట్టాల్సి వచ్చింది.

బ్రయర్ సంగతేంటి?

ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్తగా కట్టిన యాప్ బ్రయర్. ఆండ్రాయిడ్‌కి ఉంది, ఐఫోన్‌కి లేదు. నెట్ ఉంటే టార్ ద్వారా, లేకపోతే బ్లూటూత్ లేదా వైఫైతో పనిచేస్తుంది. ఎదురుగా ఉన్న మనిషిని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యాడ్ చేసుకోవచ్చు. కానీ ప్రైవేట్ మెసేజ్ ముక్కూముఖం తెలియని వాళ్ల ఫోన్ల మీదుగా దూకుతూ పోదు. భద్రత పెరుగుతుంది, దూరం తగ్గుతుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే అకౌంట్ పోయినట్టే, రికవరీ లేదు.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. 2023 మేలో కేంద్రం జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారంటూ 14 మెసేజింగ్ యాప్‌లను ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద బ్లాక్ చేసింది. ఆ జాబితాలో బ్రయర్ కూడా ఉంది. కాబట్టి ఎవరో వీడియోలో చెప్పారని ఏపీకే ఫైల్ దింపుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

వాడాలనుకుంటే...

• నెట్ పోయాక డౌన్‌లోడ్ చేయలేరు. ముందే వేసుకోండి.
• ఇంట్లోవాళ్లతో, అపార్ట్‌మెంట్‌లో ఒకసారి డేటా ఆఫ్ చేసి టెస్ట్ చేయండి. ఎన్ని గోడలు దాటుతుందో తెలుస్తుంది.
• బహిరంగ ఛానెల్లో పేరు, అడ్రస్, ఎక్కడ ఉన్నారన్నది రాయొద్దు.
• బ్లూటూత్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే బ్యాటరీ తింటుంది. పవర్ బ్యాంక్ తప్పనిసరి.
• ఫోన్ ఎవరి చేతికైనా చిక్కితే ఎన్‌క్రిప్షన్ కాపాడదు. గట్టి స్క్రీన్ లాక్ పెట్టండి.

మా మాట

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు మొబైల్ నెట్‌వర్క్‌లు మూగబోయాయి. అలాంటి రోజు కాలనీలో ఎవరికి ఏం కావాలో తెలుసుకోవడానికి మెష్ యాప్ చక్కగా సరిపోతుంది. ‘మేం బాగానే ఉన్నాం’ అని చెప్పడానికి కళ్లు మూసుకుని వాడొచ్చు. ప్రాణం మీదకు తెచ్చే మాట చెప్పాలంటే మాత్రం, ఈరోజుకి వీటిలో దేన్నీ గుడ్డిగా నమ్మొద్దు.