మండువా ఇల్లు అమ్మకానికి ఉందంటే ఏం చూడాలి?

తణుకు నుంచి మాట్లాడుతున్నాను. ఊరొదిలి హైదరాబాదులోనో విదేశాల్లోనో స్థిరపడినవాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మా ఊళ్ళో పాత మండువా ఇల్లు అమ్ముతున్నారు, కొనుక్కోవచ్చా?" ఈ ఎపిసోడ్‌లో దాని గురించే చెప్పుకుందాం.

ఇంగ్లండ్ పల్లెల్లో రెండొందల ఏళ్ళ నాటి ఇల్లు అమ్మితే, దాని వయసునే గొప్పగా చెప్పి అమ్ముతారు. అలాంటి ఇళ్ళు చాలావరకు ప్రభుత్వ జాబితాలో ఉంటాయి. అనుమతి లేకుండా కూల్చకూడదు. మన దగ్గర లెక్క వేరండి. స్థలానికి ఒక ధర, టేకుకి ఒక ధర కడతారు, ఇంటికి సున్నా. అందుకే బేరానికి కలప అడితి వాళ్ళే ముందొస్తారు. ఉంచుకుందామని కొనేవాళ్ళు ఆ లెక్క తెలిసి దిగాలి.

ఈ ఇళ్ళు ఎలా వచ్చాయంటే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యి కాలవలు పారాక డెల్టా రైతు చేతిలో డబ్బు ఆడింది. టేకు దుంగలు గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రి దిగేవి. సముద్రం మీద రంగూన్ టేకు వచ్చేది. ఆ కలపతోనే స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు.

మండువా అంటే ఇంటి మధ్య పైకప్పు లేని జాగా. నాలుగు వైపుల పెంకు కప్పూ దాని మీదకే వాలి ఉంటుంది. వాన నీరు అందులో పడి తూము గుండా బయటికి పోతుంది. వేడి గాలి అందులోంచే పైకి పోతుంది కాబట్టి ఎండాకాలం వసారాలో చల్లగా ఉంటుంది.

అందుకే మొదట చూడాల్సింది ఆ తూమే. సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి వీధి ఎత్తు పెరిగిపోయిన ఊళ్ళున్నాయి. ఇంటి నేల రోడ్డు కంటే కిందికి పోతే మండువాలో నీరు బయటికి పోదు, ఎదురు తన్నుతుంది. వీలైతే వానాకాలంలోనే వెళ్ళి చూడండి.

రెండోది కలప. స్తంభం నున్నగా మెరుస్తోందని మోసపోవద్దు. దూలం గోడలోకి దిగిన చోట, రెండు కప్పులు కలిసే మూలల కింద చూడండి. కారిన నీరు ముందు తినేది అక్కడే. సుత్తితో కొడితే డొల్ల శబ్దం వస్తే చెదలు పట్టిందేమో అనుమానించాలి. పాత పెంకుటిళ్ళు ఎరిగిన వడ్రంగిని వెంట తీసుకెళ్ళండి.

మూడోది గోడ. ఇవి సున్నం గోడలండి, తేమని పీల్చి వదిలేస్తాయి. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి పెచ్చులూడతాయి. రిపేరు కూడా సున్నంతోనే చేయించాలి.

నాలుగోది కాయితాలు. ఎక్కువ బేరాలు ఆగేది ఇక్కడే. ఊరి మధ్య ఇల్లు చాలాసార్లు గ్రామకంఠంలో ఉంటుంది, పట్టా ఉండదు. పంచాయతీ ఇంటి పన్ను రసీదులు, పాత దస్తావేజులు, పంపకాల కాయితాలు, ఈసీ అన్నీ లాయరుకి చూపించండి. వారసులు ఎంతమందో రాసుకోండి. 2005 చట్ట సవరణ తరవాత పిత్రార్జితంలో ఆడపిల్లలకీ సమాన హక్కుంది. అన్నదమ్ములు సంతకాలు పెట్టారు కదా అని అడ్వాన్సు ఇచ్చేయకండి. అక్కచెల్లెళ్ళు, చనిపోయినవాళ్ళ పిల్లలు కూడా ఒప్పుకోవాలి.

ఇవన్నీ సరిపోయినా చివరికి ఒక మాట. పెంకుటిల్లు మనిషి ఉంటేనే నిలుస్తుంది. ఏటా వానలకి ముందు పెంకు సర్దించాలి, పగిలినవి మార్చాలి. తాళం వేసి వెళ్ళిపోతే, ఒక్క పెంకు జారిన చోట మొదలైన కారుడు రెండు మూడు వానాకాలాల్లో దూలం దాకా వెళ్తుంది. ఉండేవాళ్ళెవరో, చూసుకునేవాళ్ళెవరో తేల్చుకున్నాకే బేరం ఆడండి. ఉండే మనిషి దొరికితే మాత్రం, ఇలాంటి ఇల్లు ఇవాళ కట్టించాలంటే ఆ టేకూ దొరకదు, ఆ పనివాళ్ళూ దొరకరు.

మీ ప్రశ్నలు కామెంట్లలో పెట్టండి.