ఎందుకొచ్చిన గొడవ?

మొన్న ఉగాది వేడుకల్లో, పచ్చడి పంచడమూ పిల్లల పాటలూ అయిపోయాక, భోజనాల బల్ల దగ్గర జరిగిన ఒక ముచ్చట పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం. హైస్కూల్లో చదువుతున్న మన సభ్యుల అమ్మాయి ఒకతె, చరిత్ర క్లాసుకు వ్యాసం రాసుకోవాలని కాగితం, పెన్సిలు పట్టుకొని పెద్దవాళ్ళ మధ్యకు వచ్చింది. "ఆరెంజ్ ఊళ్ళో మన ఇండియా వెల్డర్లను కంచెలోపల ఉంచారట కదా అంకుల్! వాళ్ళు కోర్టుకు వెళ్ళినప్పుడు మనవాళ్ళు ఏమన్నారు?" అని అడిగింది.

ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఆ అమ్మాయి కాగితం నిండిపోయింది. ఇంటికి వచ్చాక మేమిద్దరం ఆ మాటలన్నీ మళ్ళీ గుర్తు చేసుకున్నాం. వాటిలో కొన్ని మేమూ అన్నవే. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ముందు జరిగినదేమిటో చెప్పుకుందాం. మన హ్యూస్టన్ నుంచి తూర్పుగా లూసియానా వైపు కారులో వెళ్తే రెండు గంటల లోపే ఆరెంజ్ వస్తుంది. అక్కడా, మిసిసిపీలోని పాస్కగూలాలోనూ సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీకి సముద్రంలో చమురు తవ్వే రిగ్గులను బాగుచేసే యార్డులు ఉండేవి. 2005 ఆగస్టులో కత్రినా తుఫాను తర్వాత పనివాళ్ళు దొరక్క, 2006 చివరి నుంచి ఆ కంపెనీ సుమారు 500 మంది భారతీయ వెల్డర్లనూ పైపు ఫిట్టర్లనూ హెచ్-2బి అనే తాత్కాలిక వీసా మీద రప్పించింది. కేరళ వాళ్ళు చాలామంది. కొందరు అప్పటికే గల్ఫులో పనిచేస్తున్నవాళ్ళు.

వచ్చేముందు ఒక్కొక్కరూ ఏజంట్లకు 10,000 నుంచి 20,000 డాలర్ల దాకా కట్టారు. పొలాలు అమ్మినవాళ్ళున్నారు, ఆడవాళ్ళ నగలు తాకట్టు పెట్టినవాళ్ళున్నారు. గ్రీన్‌కార్డు వస్తుంది, పెళ్ళాం పిల్లలను తెచ్చుకోవచ్చు అని వాళ్ళకు చెప్పారు. చేతికి వచ్చింది మాత్రం పది నెలల వీసా. అదీ ఆ ఒక్క కంపెనీలో పనికే చెల్లుతుంది. యార్డు పక్కనే కంచె, కాపలావాళ్ళు ఉన్న శిబిరంలో, ఒక్కో గదిలో 24 మంది దాకా పడుకోవలసి వచ్చింది. అందుకు నెలకు 1,050 డాలర్లు జీతంలోంచి కోత. 24 మంది దగ్గర కోసినది లెక్కవేస్తే ఒక్క గదికి నెలకు 25,200 డాలర్లు. అదే యార్డులో పనిచేసే ఇతర దేశాల వాళ్ళకు ఈ శిబిరం నిర్బంధం లేదు. సాయంత్రం కాగానే వాళ్ళిళ్ళకు వాళ్ళు పోయేవారు.

2007 మార్చిలో కొందరు గొంతెత్తేసరికి, పాస్కగూలాలో తెల్లవారకముందే కాపలావాళ్ళు వచ్చి వాళ్ళను పట్టి ఉంచారు, వెనక్కు పంపేద్దామని. ఆ ఉదయం ఒకాయన మణికట్టు కోసుకున్నాడు. ప్రాణం దక్కింది. ఏడాది తర్వాత, 2008 మార్చిలో, సుమారు వందమంది పని మానేసి బయటికి వచ్చి దావా వేశారు. న్యూ ఆర్లియన్స్ నుంచి వాషింగ్టన్ దాకా, కొంత నడిచి కొంత బస్సులో, యాత్ర చేశారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు సత్యాగ్రహం. ఆ వేసవిలో రాజధానిలో నిరాహారదీక్ష కూడా చేశారు.

ఇక మనవాళ్ళ మాటలు. ఆ అమ్మాయి కాగితం మీద మొదట పడినది, "గ్రీన్‌కార్డు కోసం ఆడిన నాటకం" అన్న మాట. మనుషుల రవాణాకు బలైనవారికి ఇచ్చే ప్రత్యేక వీసా తర్వాత చాలామందికి వచ్చిన మాట నిజమే. కాని 2008లో పని వదిలిన రోజున వాళ్ళ చేతిలో ఏముంది? కంపెనీ వదిలిన మరుక్షణం వీసా పోతుంది. ఊళ్ళో అప్పు అలాగే ఉంటుంది. దావా వేసింది 2008లో, జూరీ తీర్పు చెప్పింది 2015లో. ఏడేళ్ళు ఫలితం తెలియని నాటకం ఎవరు ఆడతారు?

రెండో మాట, "గల్ఫులో ఇంతకన్నా ఘోరం. ఇక్కడ కనీసం డాలర్లలో జీతం వచ్చిందిగా." ఇది మేము చాలామంది నోట విన్నాం. కొందరు గల్ఫులో పదేళ్ళు కష్టపడి వచ్చిన పెద్దలు. వారి బాధను మేము తక్కువ చేయడం లేదు. అయితే రోగి వచ్చి కడుపునొప్పి అంటే, పక్క మంచం మీదాయనకు క్యాన్సరు ఉంది, నువ్వు ఇంటికి పో అని ఏ డాక్టరూ అనడు. ఎవరి నొప్పి వారిదే, ఎవరి వైద్యం వారిదే.

మూడో మాట మెల్లిగా అన్నారు: "మన పరువు పోయింది. ఇండియా వాళ్ళంటే కోర్టుకెక్కేవాళ్ళు అనుకుంటే రేపు మన పిల్లలకు ఉద్యోగాలు ఎవరిస్తారు?" ఈ మాటకు మాత్రం మాకు కోపం రాలేదు, దిగులు వేసింది. ఎందుకంటే ఇది భయంలోంచి వచ్చిన మాట. దీనిలో ఇంకొకటి కూడా ఉంది. వాళ్ళు వెల్డర్లు, మనం డాక్టర్లం, ఇంజనీర్లం. వాళ్ళ పక్కన మనల్ని ఎవరైనా నిలబెడతారేమోనన్న శంక.

బయట అమెరికన్లూ రెండు విధాలుగా మాట్లాడారు. మా ఉద్యోగాలకు వచ్చినవాళ్ళకు మళ్ళీ దావా ఒకటా అన్నవారున్నారు. మరోపక్క పౌరహక్కుల సంఘాల వారు, స్థానిక కార్మికులు, చర్చీల వారు అన్నంపెట్టి, చోటిచ్చి, వెంట నడిచారు. అందరినీ ఒకే దావాగా కలపడానికి 2012లో న్యాయమూర్తి ఒప్పుకోకపోతే, పెద్ద పెద్ద న్యాయవాద సంస్థలు పన్నెండుకు పైగా ఫీజు తీసుకోకుండా కేసులను పంచుకున్నాయి. "మరి మన సంఘాలు ఏం చేశాయి?" అని ఆ అమ్మాయి అడిగినప్పుడు, మా బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో ఎవరికీ చెప్పడానికి జవాబు లేకపోయింది.

కోర్టు ఏమందో కూడా చెప్పాలి. తప్పంతా ఏజంట్లది, వాళ్ళు మమ్మల్నీ మోసం చేశారు అని కంపెనీ వాదించింది. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లియన్స్‌లోని ఫెడరల్ కోర్టు జూరీ ఆ వాదన ఒప్పుకోలేదు. మొదట విచారణకు వచ్చిన అయిదుగురికి కంపెనీ, దాని తరఫు వలస లాయరు, ముంబై ఏజంటు కలిసి సుమారు 1 కోటి 40 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. వెట్టిచాకిరీ, మోసంతో పాటు జాతి వివక్ష కూడా జరిగిందని తేల్చింది. ఆ జులైలో కంపెనీ దివాలా దాఖలు చేసి, మిగిలిన దావాలను 2 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది, క్షమాపణ కూడా చెప్పుకుంది. వివక్ష విషయంలో ప్రభుత్వపు సమాన ఉపాధి అవకాశాల సంఘం 2011లో విడిగా వేసిన దావా 2015 డిసెంబరులో 50 లక్షల డాలర్లకు పరిష్కారమయింది. దానివల్ల 476 మందికి పరిహారం అందే ఏర్పాటు జరిగింది.

తీర్పు వచ్చిన రోజుల్లో మేము రెసిడెన్సీ చేస్తున్నాం. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, జె-1 వీసా మీద వచ్చినవాళ్ళం. ఆస్పత్రి డాక్టర్ల గదిలో ఆ వార్త చూసి, "పాపం" అనుకొని ఛానెలు మార్చాం. మేమూ తాత్కాలికపు వాళ్ళమే అన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. మా వీసా కూడా ఏడాదికోసారి కాగితం వస్తేనే నిలిచేది. పండుగ రాత్రుల డ్యూటీలు ఎప్పుడూ విదేశీ పట్టభద్రులకే పడుతున్నాయని తెలిసినా నోరెత్తలేదు. తర్వాత వైద్యులు చాలని ఊళ్ళో మూడేళ్ళు పనిచేస్తేనే ఇక్కడ ఉండనిచ్చే ఒప్పందం. 1994 నుంచి ఎందరో డాక్టర్లు ఈ దారినే స్థిరపడ్డారు. ఆ మూడేళ్ళూ యజమానితో తగవు పెట్టుకునే ధైర్యం మాకు రాలేదు.

కాని మా కంటే ముందు వచ్చిన డాక్టర్లు ఊరుకోలేదు. 1976 చట్టంతో విదేశీ డాక్టర్ల రాకకు అడ్డుకట్ట పడింది. లైసెన్సు కోసం అమెరికన్ పట్టభద్రులకు ఒక ఏడాది శిక్షణ చాలునన్న రాష్ట్రాల్లోనే, మనవాళ్ళకు మూడేళ్ళు కావాలన్న నియమాలుండేవి. అటువంటి తేడాలను ఎదుర్కోవాలనే 1982లో భారతీయ సంతతి వైద్యుల సంఘం పుట్టింది. శాసనసభ్యుల గుమ్మాలు ఎక్కారు, అర్జీలు పెట్టారు. దాన్ని ఎవరూ "ఎందుకొచ్చిన గొడవ" అనలేదు. హక్కు అన్నారు. డాక్టరు అడిగితే హక్కు, వెల్డరు అడిగితే గొడవ ఎలా అవుతుందో మాకు అర్థం కావడం లేదు.

ఇంతవరకూ ఊరివాళ్ళ సంగతి. ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట గోదావరి జిల్లా కుర్రవాడొకడు మా ఇంటికి వస్తూండేవాడు. ఒక కన్సల్టెన్సీ ద్వారా ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఇంజనీరు. ఒకరోజు నిద్ర పట్టడం లేదని, తల బరువుగా ఉందని చెప్పాడు. బి.పి. చూస్తే ఆ వయసుకు ఉండకూడనంత ఉంది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. సూపర్‌వైజరు నలుగురి ముందూ అతని ఉచ్చారణను అనుకరిస్తాడట. పేరు పెట్టి పిలవడు, వెక్కిరింతగా ఇంకేదో పేరు పెట్టాడు. "తిరిగి అంటే కాంట్రాక్టు పొడిగించరక్కా, వీసా పోతుంది. ఏం చెయ్యమంటారు బావగారూ?" అని ఇద్దరినీ అడిగాడు.

మేము ఏం చెప్పాం? ఉప్పు తగ్గించమన్నాం. సాయంత్రం నడవమన్నాం. "కొన్నాళ్ళు ఓర్చుకో తమ్ముడూ, గ్రీన్‌కార్డు వచ్చాక చూసుకుందువుగాని" అన్నాం. మా మాట విన్నాడు. ఏడాది పైగా ఓర్చుకున్నాడు. చివరికి కాంట్రాక్టు ఎలాగూ పొడిగించలేదు. అప్పుడు లాయరు దగ్గరికి పోతే, నువ్వు చెప్పేవాటిలో చాలామటుకు గడువు దాటిపోయాయి అన్నాడట. ఆ కుర్రవాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. వెళ్ళేముందు ఇంటికి వచ్చి భోజనం చేసి మరీ వెళ్ళాడు. ఆ అన్నం మాకు సయించలేదు.

ఆ తర్వాతే చట్టం ఏముందో కనుక్కున్నాం. మీలో ఎవరికైనా పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాం. 1964 పౌరహక్కుల చట్టం 15 మంది, అంతకు మించి పనివాళ్ళున్న యజమానులకు వర్తిస్తుంది. జాతి, రంగు, మతం, స్త్రీ పురుష భేదం, పుట్టిన దేశం కారణంగా తేడా చూపకూడదు. తాత్కాలిక ఉద్యోగికీ ఇది వర్తిస్తుంది. పంపిన ఏజన్సీ, పని చేయించుకునే కంపెనీ రెండూ బాధ్యులు కావచ్చు. సమాన ఉపాధి అవకాశాల సంఘానికి ఫిర్యాదు 180 రోజుల్లోపు ఇవ్వాలి. రాష్ట్రంలోనూ అటువంటి సంస్థ ఉంటే, మన టెక్సాస్‌లో ఉంది, 300 రోజుల దాకా ఇవ్వవచ్చు. దానికి రుసుము లేదు. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం విడిగా ఇంకో చట్ట ఉల్లంఘన కింద లెక్క. హెచ్-1బి వాళ్ళకు ఉద్యోగం పోయినా, 2017 నుంచి 60 రోజుల వరకు వ్యవధి దొరికే వీలుంది.

ప్రతి ఒక్కరూ కోర్టుకెక్కాలని మేము అనడం లేదు. అన్ని ఫిర్యాదులూ నిజమేననీ అనడం లేదు. నిజమో కాదో తేల్చడానికి జూరీ ఉంది. మన పని అది కాదు. మన ఇంటికి వచ్చి చెప్పుకున్న మనిషిని "ఎందుకొచ్చిన గొడవ" అనకుండా, ఎప్పుడు జరిగింది, తేదీలు రాసుకున్నావా, పక్కన ఎవరున్నారు అని అడగడం మన పని. మేము ఆ రోజు బి.పి. అంకెలు రాసుకున్నాం. తేదీలు రాసుకొమ్మని మాత్రం చెప్పలేదు.

మన సంఘం కార్యవర్గానికి మా మనవి ఒకటుంది. ఆదాయపు పన్ను మీద ఏటా సభ పెట్టి సలహాలు చెప్పిస్తున్నాం కదా. అలాగే ఉద్యోగ చట్టాలు తెలిసిన న్యాయవాదిని పిలిచి ఏటా ఒక సాయంత్రం మాట్లాడిస్తే బాగుంటుంది. వీసా మీద ఉన్న కుర్రవాళ్ళు పేరు చెప్పకుండా చీటీ మీద ప్రశ్న రాసి పంపే ఏర్పాటుండాలి. ఆ సాయంత్రం టీ ఫలహారాల ఖర్చు మేము భరిస్తాం.

ఆ అమ్మాయి వ్యాసం పూర్తయిందట. చివర ఏం రాశావమ్మా అని అడిగితే, "పెద్దవాళ్ళందరూ చెప్పారు గానీ, ఆ వెల్డర్లను తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు అని రాశాను ఆంటీ" అంది. రెండు గంటల దూరంలో ఉన్న ఊరు. ఆ రోజుల్లో మనలో ఎవరైనా అక్కడికి వెళ్ళి ఉంటే, ఒక గిన్నెడు సాంబారు పట్టుకెళ్ళి ఉంటే, దయచేసి వచ్చే సంచికకు రాయండి. ఆ పాపకు చూపిస్తాం.